చెరువు గట్టున మోగే రాళ్ళు: పిల్లలతో కలిసి శబ్దంతో కళాఖండం చేయాలనుకుంటున్న టీచర్ గారికి

టీచర్ గారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ప్రకాశం జిల్లా కొత్తపట్నం మండలంలోని మీ ఊళ్ళో చెరువు పక్కన పంచాయతీ వాళ్ళు ఆరు సెంట్ల స్థలం ఇస్తామన్నారు. మీ హైస్కూల్లో 7, 8 తరగతుల పిల్లలు 42 మంది ఉన్నారు. చేతిలో 70 వేల రూపాయలు ఉన్నాయి. శబ్దం, పర్యావరణం అనే విషయం మీద, ఊరి వాళ్ళందరూ ముట్టుకుని ఆడుకునేలా ఒక కళాఖండం పిల్లలతో కలిసి చేయాలని మీ కోరిక. ఎవరో ఒకాయన ప్లాస్టిక్ సీసాలతో పదడుగుల శంఖం కట్టి, లోపల స్పీకర్లు పెట్టి, మనిషి దగ్గరికి రాగానే సముద్రపు హోరు, పిట్టల కూతలు వినిపించేలా చేద్దామన్నారు. అది మంచిదేనా, పిల్లలకు ఏ పని ఇవ్వాలి, ఎంతకాలం నిలుస్తుంది, చుట్టుపక్కల వాళ్ళు చప్పుడు అని గొడవ చేస్తారా అన్నవి మీ సందేహాలు.

నాది నెల్లూరు. పద్దెనిమిదేళ్ళుగా నెల్లూరు, ప్రకాశం జిల్లాల బడుల్లో పిల్లలతో కలిసి మోగే వస్తువులు, వినే వస్తువులు చేస్తున్నాను. కొన్ని ఇప్పటికీ మోగుతున్నాయి, కొన్ని మూగబోయాయి. రెండు రకాల నుంచీ నేర్చుకున్నదే మీకు చెబుతాను.

ముందు శంఖం సంగతి. వద్దండి. సీసాల ప్లాస్టిక్ మన ఎండకు పెళుసుబారుతుంది. ఆ తర్వాత చిన్న చిన్న పెంకులుగా రాలి, గాలికి చెరువులో పడి, వానాకాలంలో కాలువ పట్టుకుని సముద్రానికి చేరుతుంది. మనం చెత్తను కళగా మార్చాం అనుకుంటాం గానీ, ఏరడానికి వీలయ్యే సీసాను ఏరడానికి వీల్లేని పొడిగా మార్చినట్టు అవుతుంది. ఇక స్పీకర్లు. తీరానికి అంత దగ్గర ఊళ్ళో ఉప్పుగాలికి సర్క్యూట్ బోర్డులు పచ్చగా చిలుము పట్టిపోతాయి. అవి పాడైతే బాగుచేసే మనిషి ఒంగోలు నుంచి రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, సముద్రం పక్కనే ఉన్న ఊరి పిల్లలకు సముద్రపు హోరు స్పీకర్లో వినిపించడం దేనికి? వాళ్ళ చెవులకు దగ్గరగా ఉన్నదాన్ని దూరం చేసినట్టవుతుంది.

కరెంటు లేకుండా సముద్రమే మోగించే కట్టడం ఒకటుంది. క్రొయేషియాలోని జదార్ పట్టణంలో 2005లో నికోలా బాషిచ్ అనే ఆర్కిటెక్ట్ సముద్రపు ఒడ్డు మెట్ల కింద 35 గొట్టాలు అమర్చారు. అలలు లోపలి గాలిని నెడితే అవి సన్నాయిలా పలుకుతాయి. చాలామంది దాని వీడియో చూపించి ‘మన బీచ్‌లో కూడా ఇలా చేద్దాం’ అంటారు. మనకు కుదరదు. అక్కడిది గట్టి రాతి ఒడ్డు. మనది కదిలే ఇసుక. ఏడాదికో వాయుగుండం, అప్పుడప్పుడు తుపాను. పైగా తీరం మీద పక్కా కట్టడాలకు సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నిబంధనలు అడ్డం వస్తాయి. చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన ఇసుక మీదికే వస్తాయి, అక్కడ లైట్లు, జనం ఉంటే వాటికి ప్రమాదం. కాబట్టి పంచాయతీ మీకు చెరువు దగ్గర స్థలం ఇవ్వడం మంచిదే అయింది. మనకు తీసుకోవలసినది జదార్ గొట్టాలు కాదు, ఆ ఊరిలో ఉన్నదానితోనే ఆ ఊరి శబ్దం పలికించాలన్న ఆలోచన.

ఇప్పుడు అసలు విషయం. ఏం కట్టాలి అని ముందు మీరు నిర్ణయించి, తర్వాత పిల్లలను పిలిస్తే అది పిల్లలతో కలిసి చేసిన పని కాదు. పిల్లల హక్కుల మీద పనిచేసిన రోజర్ హార్ట్ అనే ఆయన 1992లో యునిసెఫ్ కోసం ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీశారు. పిల్లల భాగస్వామ్యం అని మనం పిలిచే దాంట్లో అడుగున ఉన్న మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదంటారు ఆయన. పిల్లలను వాడుకోవడం, అలంకారానికి నిలబెట్టడం, పేరుకు ఒకరిద్దరిని కూర్చోబెట్టడం. మన దగ్గర జరిగేది ఎక్కువగా రెండో మెట్టు. పెద్దవాళ్ళు కట్టిన గోడకు పిల్లల చేత రంగులు వేయించి, అరచేతి ముద్రలు కొట్టించి, ఫోటో తీసుకుంటారు. మీ పని ఏ మెట్టు మీద ఉందో తెలుసుకోవడానికి నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను. పిల్లలు చెప్పినందువల్ల నా ప్లాన్‌లో ఏం మారింది? ఏమీ మారలేదంటే వాళ్ళను కూలీలుగా వాడుకున్నట్టే.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. నెల్లూరు జిల్లా తీరంలో, చుట్టూ రొయ్యల చెరువులున్న ఒక ఊరు. నేను పన్నెండు గొట్టాల డిజైన్ ఒకటి గీసుకుని మరీ వెళ్ళాను. మొదటి వారం వినడం మాత్రమే పెట్టుకున్నాం. తెల్లవారుజామున, మిట్టమధ్యాహ్నం, దీపాలు పెట్టే వేళ, మూడుసార్లు ఊరంతా నడిచేవాళ్ళం. ఎవరూ మాట్లాడకూడదు. ఒక్కోచోట ఆగి ఐదు నిమిషాలు కళ్ళు మూసుకోవాలి. తర్వాత ఒక తెల్లకాగితం మధ్యలో చుక్క పెట్టి ‘ఇది నేను’ అనుకుని, వినిపించిన ప్రతి చప్పుడునూ అది వచ్చిన దిక్కున, వచ్చినంత దూరంలో గీయాలి. ఇలాంటి అభ్యాసాలకు ఆద్యుడు ఆర్. మర్రే షేఫర్ అనే కెనడా సంగీతకారుడు. 1960ల చివర్లో ఒక యూనివర్సిటీలో తన బృందంతో ఊళ్ళ శబ్దాలను పటాలుగా గీయించడం మొదలుపెట్టారు. చేసి చూస్తే తెలుస్తుంది, పిల్లలు మూడో రోజుకే మనకు వినపడనివి వింటారు.

ఆ ఊరి పిల్లల కాగితాలన్నిటిలో ఒక చప్పుడు ఉంది. ఏరేటర్లు, అంటే రొయ్యల చెరువు నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు. రాత్రి కాగానే చెరువు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి రాత్రంతా వాటిని తిప్పాలి. ఒక పిల్లవాడి నాన్న చెరువు కాపలా మనిషి. ‘అవి ఆగిపోతే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి సార్, మా నాన్నకు పని ఉండదు’ అని చెప్పాడు. అందుకని ఏరేటర్లను తిట్టే బొమ్మ ఒకటి చేద్దామన్న ఆలోచన అక్కడే ఆగిపోయింది. ఆగడమే న్యాయం. ఇంకొక కాగితంలో ఒకమ్మాయి ఒక మూల గిరగీసి ఖాళీగా వదిలేసింది. అదేమిటని అడిగితే ‘మా అవ్వ చెప్పే బావి గిలక చప్పుడు సార్, నేనెప్పుడూ వినలేదు, అందుకే ఏం గీయాలో తెలియలేదు’ అంది. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

వారం చివర నా గొట్టాల బొమ్మ చూపించాను. ఎనిమిదో తరగతి పిల్ల లేచి ‘రాత్రంతా ఏరేటర్లు, పగలంతా ఆటోల మైకులు. ఇంకా మోగేది ఎందుకు సార్? మెల్లగా మాట్లాడినా వినపడేది చేద్దాం’ అంది. మిగతా వాళ్ళంతా ఔనన్నారు. నాకు రెండు రోజులు మింగుడు పడలేదు. గొట్టాలు అప్పటికే కొనేశాను. కానీ ఆ పిల్ల చెప్పినదే నిజం. ఆ ఊరికి కావలసింది ఇంకో చప్పుడు కాదు, మెల్లని మాటకు చోటు. చివరికి అక్కడ కట్టింది ఎదురెదురుగా నిలబెట్టిన రెండు సిమెంటు గిన్నెలు. పదిహేను మీటర్ల దూరంలో ఒకరు గుసగుసలాడితే, ఇంకొకరికి చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిసార్‌లో వినిపించడం చూసిన వాళ్ళకు ఈ సంతోషం ఎలాంటిదో తెలుసు. సాయంత్రాలు ముసలివాళ్ళు కూడా వచ్చి కూర్చుని మాట్లాడుకునేవారు. చెవుడు మొదలైన ఒక తాత, చాన్నాళ్ళ తర్వాత మనవరాలి మాట గట్టిగా అరవకుండానే విన్నాడు.

ఈ గిన్నెలు మీకు కూడా బాగా పనికొస్తాయి కనుక వివరంగా రాస్తున్నాను. గిన్నె వంపు పారాబొలా ఆకారంలో ఉండాలి. రెండు మీటర్ల వెడల్పు, నాభి (శబ్దమంతా వచ్చి చేరే చోటు) 80 సెంటీమీటర్ల దగ్గర ఉండేలా చేస్తే లోతు 31 సెంటీమీటర్లు వస్తుంది. అచ్చు గీయడానికి లెక్క తేలిక. మధ్య నుంచి ఎంత దూరమో దాన్ని వర్గం చేసి 320తో భాగించాలి. 25 సెంటీమీటర్ల దగ్గర 2, 50 దగ్గర 7.8, 75 దగ్గర 17.6, 100 దగ్గర 31.25. పిల్లలు దీన్ని గ్రాఫు కాగితం మీద గీసి, ప్లైవుడ్ మీదికి పెద్దదిగా ఎక్కించారు. నేల మీద తడి ఇసుకను కుప్ప పోసి, మధ్యలో ఇనుప ఊచ పాతి, ఆ ప్లైవుడ్ అచ్చును ఊచ చుట్టూ తిప్పితే ఇసుక తనంతట తానే బోర్లించిన గిన్నెలా చెక్కుకుంటుంది. దాని మీద పాత పేపర్లు పరిచి, కోళ్ళ మెష్ రెండు పొరలు వేసి, ఒక పాలు సిమెంటుకు రెండు పాళ్ళ ఇసుక కలిపి మూడున్నర సెంటీమీటర్ల మందం పూయాలి. గోనెసంచులు కప్పి రెండు వారాలు తడపాలి. ఈ తడపడం పిల్లల డ్యూటీ, ఒక్క పూట కూడా తప్పలేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఆరిన గిన్నె ఒక్కోటి 250 కిలోల పైనే ఉంటుంది. దాన్ని లేపి నిలబెట్టేటప్పుడు పిల్లలు ఆ ఆవరణలోనే ఉండకూడదు. వెనకాల ఇటుక గోడ కట్టి దానికి కలిపేయాలి, ఊరికే ఆనించి వదలకూడదు. రెండోది చాలామందికి తట్టదు. ఈ ఆకారం శబ్దాన్ని ఎలా ఒకచోటికి చేరుస్తుందో ఎండను కూడా అలాగే చేరుస్తుంది. అందంగా ఉంటుందని లోపల అద్దం ముక్కలు అతికించినా, నిగనిగలాడే ఆయిల్ పెయింట్ వేసినా, ఎదురుగా కూర్చున్న పిల్లల కళ్ళకు ప్రమాదం. మెరుపు లేని మట్టిరంగు వేయండి. గిన్నెలు తూర్పు పడమరలకు కాక ఉత్తర దక్షిణాలకు ముఖం పెట్టేలా నిలబెట్టండి.

మీ పిల్లలు ఏం కోరుకుంటారో నాకు తెలియదు, మోగేదే కావాలనవచ్చు. అలా అంటే మీ జిల్లాలో దానికి సాటిలేని సరుకు ఉంది. చీమకుర్తి రాయి. రామతీర్థం క్వారీల నుంచి వచ్చే గెలాక్సీ రాయిని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ, భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో అనే వేరే జాతి రాయి. మామూలు గ్రానైట్ కంటే బరువు, గట్టి. పగులు లేని ముక్కను తాడుతో వేలాడదీసి కర్రతో తడితే గంటలా మోగుతుంది. కటింగ్ ఫ్యాక్టరీల్లో స్లాబుల అంచులు, విరిగిన ముక్కలు ఎటూ మిగిలిపోతాయి. హంపి విఠలాలయంలో సంగీత స్తంభాలు చూసి వచ్చిన పిల్లలు ఎంతో ఆశగా చెబుతారు, కానీ అక్కడ ఇప్పుడు వాటిని కొట్టనివ్వరు, కొట్టనివ్వకపోవడమే సరైనది. మీ ఊళ్ళో ఎవరైనా వచ్చి కొట్టుకోగల రాళ్ళు ఉంటే అది వాళ్ళకు పండగే.

రాయి ఎంచడం మన ఆడవాళ్ళు కుండ ఎంచడం లాంటిదే. వేలితో కొట్టి చూస్తారు కదా, ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే ఎక్కడో నెర్రె ఉంది. మార్కాపురం పలకలకూ అదే పరీక్ష. కొనేముందు ఇద్దరు ముగ్గురు పిల్లలు ప్రతి ముక్కనూ తాడుకు కట్టి తట్టి వినాలి. ఏ ముక్క తీసుకోవాలన్నది వాళ్ళ చెవులే నిర్ణయించాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆ రోజు నుంచి ఆ రాయి వాళ్ళది అవుతుంది.

లెక్క ఇలా ఉంటుంది. బద్దీలా, అంటే పొడవాటి పట్టీలా కోసిన రాయి స్వరం దాని మందాన్ని బట్టి పెరుగుతుంది, పొడవు వర్గాన్ని బట్టి తగ్గుతుంది. అంటే పొడవు సగం చేస్తే స్వరం ఒక స్థాయి (‘స’ నుంచి పై ‘స’ వరకు) కాదు, రెండు స్థాయిలు పైకి పోతుంది. ఒక స్థాయి పెంచాలంటే పొడవును 0.707తో గుణించాలి. రెండు సెంటీమీటర్ల మందం ఉన్న స్లాబు నుంచి 60 సెంటీమీటర్ల బద్దీ కోస్తే లెక్క ప్రకారం సుమారు 300 హెర్ట్జ్, అంటే సెకనుకు 300 కంపనాలు వస్తాయి. దాన్నే ‘స’ అనుకోండి. మోహన రాగం స్వరాలు పెట్టుకోండి. స, రి, గ, ప, ద, పై స. వాటికి పొడవులు 60, 56.6, 53.7, 49, 46.5, 42.4 సెంటీమీటర్లు. ఎనిమిదో తరగతిలో వర్గమూలాలు ఎలాగూ ఉన్నాయి, ఈ పొడవులు పిల్లలే లెక్క కట్టగలరు. మోహనే ఎందుకంటే, అందులో ఏ రెండు స్వరాలు కలిపి కొట్టినా కర్ణకఠోరంగా ఉండదు. సంగీతం రాని మూడేళ్ళ పిల్ల వచ్చి ఇష్టం వచ్చినట్టు బాదినా వినడానికి బాగుంటుంది. అందరికీ అందుబాటు అంటే నాకు ఇదే. ఆరు ముక్కలూ ఒకే స్లాబు నుంచి కోయించండి, రాయికీ రాయికీ గట్టిదనం మారుతుంది. అన్నీ రెండు మిల్లీమీటర్లు ఎక్కువ పొడవే కోయించుకుని, విని, చివర్లు కొంచెం కొంచెం అరగదీయించాలి. చివర అరగదీస్తే స్వరం పెరుగుతుంది, అడుగున మధ్యలో పలచన చేస్తే తగ్గుతుంది.

మోగడానికి అన్నిటికన్నా ముఖ్యం ఎక్కడ ఆనించామన్నది. బద్దీ కంపించేటప్పుడు కదలని చోట్లు రెండుంటాయి, ఒక్కో చివర నుంచి పొడవులో 22.4 శాతం దగ్గర. 60 సెంటీమీటర్ల రాయికి అది 13.4 సెంటీమీటర్లు. పొడి ఇసుక చల్లి రాయిని మెల్లగా తడుతూ పోతే ఇసుక జరిగి జరిగి ఆ రెండు గీతల దగ్గరికే చేరుతుంది. పిల్లలకు ఆ గీత చూపించి ‘ఇక్కడే ఆనించాలి’ అంటే ఇంక సూత్రం చెప్పక్కర్లేదు. తాడు దూర్చడానికి ఆ చోట రంధ్రాలు ఫ్యాక్టరీలోనే నీళ్ళు పోస్తూ డ్రిల్ చేయించండి. కోతా అరగదీతా కూడా అక్కడే. రాతి దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. మార్కాపురం పలకల పనివాళ్ళ బాధలు ప్రకాశం జిల్లాలో తెలియనివి కావు. పిల్లల చేత పొడిగా రాయి కోయించడం, గీకించడం ఎంత సరదాగా అనిపించినా ఒప్పుకోవద్దు. క్వారీ గుంతల వైపు అసలే తీసుకెళ్ళొద్దు.

కొట్టడానికి సుత్తులు కావాలి. ఉదయగిరి చెక్క గరిటెలు చేసే పనివాళ్ళ దగ్గర గట్టి కర్రతో చేయించాను ఒకసారి. రాయి మీద ఆ కర్ర పలుకు చాలా బాగుంటుంది, రాయికి పెచ్చులు లేవవు. ఎలా చేయించినా పోతాయని తెలుసుకుని ఒక డజను ఎక్కువ చేయించండి.

గొట్టాల గురించి తక్కువే చెబుతాను. పనికిరాకుండా పోయిన బోర్ల కేసింగ్ పైపులు పడమటి మండలాల్లో దొరుకుతాయి, పాత చెప్పుతో కొడితే మృదంగంలా పలుకుతాయి, పిల్లలకు భలే ఇష్టం. రెండు వైపులా తెరిచి ఉన్న మీటరు గొట్టం సుమారు 170 హెర్ట్జ్ ఇస్తుంది. నిలువుగా పెడితే అడుగున నీళ్ళు నిలిచి దోమలు పెరుగుతాయి, అడ్డంగా పెడితే కందిరీగలు గూడు కడతాయి. అడుగున కంత, మూతికి మెష్ తప్పనిసరి. ఇంకొకటి, రాళ్ళకూ గొట్టాలకూ ఒకే శ్రుతి పెట్టొద్దు. 25 డిగ్రీల ఉదయం నుంచి 40 డిగ్రీల మధ్యాహ్నానికి గాలిలో శబ్ద వేగం సెకనుకు 346 మీటర్ల నుంచి 355కి పెరుగుతుంది, గొట్టం స్వరం చెవికి తెలిసేంత పైకి పోతుంది. రాయి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పొద్దున కలిసిన శ్రుతి మధ్యాహ్నానికి ఎందుకు విడిపోయిందని ఏడో తరగతి పిల్లలు నన్ను నిలదీశారు. వాళ్ళ చేతే థర్మామీటరు పెట్టించి రోజుకు నాలుగుసార్లు రాయించాను. ఎండ పెరిగితే శబ్దం ఎలా మారుతుందో ఏ పోస్టరూ చెప్పనంత బాగా ఆ కాపీ పుస్తకం చెప్పింది.

మీ క్లాసులో వినికిడి లోపం ఉన్న పిల్లలుంటే వాళ్ళను మొదటి రోజే మధ్యలో కూర్చోబెట్టుకోండి. మా దగ్గర అలాంటి బాబు ఒకడు ఉండేవాడు. వాడి కోసమని ఏదో ప్రత్యేకంగా చేయబోయాం. వాడే వచ్చి రాతి బద్దీ ఆనిన దుంగ మీద దవడ పెట్టి నవ్వాడు. ఎముక ద్వారా వింటున్నాడు. అప్పుడు పదిహేను అడుగుల సరుగుడు దుంగ ఒకటి రెండు గుంజల మీద పడుకోబెట్టాం. ఒక చివర గోటితో గీరితే రెండో చివర చెవి ఆనించిన వాళ్ళకు స్పష్టంగా వినిపిస్తుంది. ఖర్చు దాదాపు ఏమీ లేదు, మన తీరమంతా సరుగుడు తోటలే. చివరికి అన్నిటికన్నా ఎక్కువ మంది చేరేది దాని దగ్గరే.

స్థలం గురించి కూడా పిల్లలను అడగండి, అందులోనూ ఆడపిల్లలను విడిగా అడగండి. ఒక ఊళ్ళో మేము చెరువు గట్టు మీద రావిచెట్టు కింద అనుకున్నాం. మగపిల్లలంతా సరేనన్నారు. ఆడపిల్లలు ఏమీ అనలేదు. మర్నాడు వాళ్ళ టీచరమ్మతో చెప్పారట, సాయంత్రం అక్కడ పేకాట ఆడతారు, తాగుతారు, మేము రాము అని. స్థలం మార్చి అంగన్‌వాడీకీ గ్రంథాలయానికీ మధ్య పెట్టాం. మీ ఆరు సెంట్లు ఎంత బాగున్నా, సగం మంది పిల్లలు రాలేని చోటైతే ఒప్పుకోవద్దు. పంచాయతీతో మళ్ళీ మాట్లాడండి. ఏ స్థలమైనా నోటి మాట మీద వద్దు, తీర్మానం రాయించి కాపీ తీసుకోండి. సర్పంచ్ మారితే మాట మారుతుంది.

చప్పుడు గొడవ గురించి అడిగారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు వరకు. నిశ్శబ్ద మండలంలో, అంటే బడి, ఆసుపత్రి, కోర్టు చుట్టూ 100 మీటర్ల లోపు ప్రకటించిన చోట, పగలు 50, రాత్రి 40. ఫోన్లో ఉండే డెసిబెల్ యాప్ అంకెలను అధికారికంగా నమ్మలేం గానీ, పోల్చి చూడటానికి చాలు. కట్టకముందు, కట్టిన తర్వాత, దగ్గరి ఇంటి అరుగు మీద కూర్చుని పిల్లల చేతే కొలిపించండి. ఆ ఇంటివాళ్ళను కూడా కూర్చోబెట్టుకుని కొలవండి. ‘మా గురించి ఆలోచించారు’ అన్న సంగతి వాళ్ళకు తెలిస్తే సగం గొడవ ఉండదు. రాత్రి ఎనిమిది తర్వాత సుత్తులు గ్రంథాలయంలో పెట్టేసే ఏర్పాటు చేసుకుంటే మిగతా సగం కూడా పోతుంది.

ఎంతకాలం నిలుస్తుందన్నది చివర చెబుతున్నా, నాకు బాగా బాధ కలిగించేది అదే. మొదట్లో నేను చేసిన ఒకదానికి ఇనుప గొలుసులు వాడాను. ఉప్పుగాలికి ఎనిమిది నెలల్లో తెగాయి. కొలతలన్నీ నా నోటుబుక్కులో ఉన్నాయి, నేను వేరే జిల్లాలో ఉన్నాను. ఊళ్ళో ఎవరికీ ఏ రాయి ఎక్కడ వేలాడాలో తెలియదు. తర్వాత వెళ్ళి చూస్తే రెండు రాళ్ళు ఎవరింటి ముందో బట్టలుతికే బండలయ్యాయి. ఆ తప్పు నాదే. పర్యావరణం గురించి పిల్లలతో అన్ని మాటలు మాట్లాడి, మరమ్మతు చేసుకునే దారి మాత్రం వాళ్ళకు ఇవ్వలేదు.

ఇప్పుడు ఇలా చేస్తున్నాను. ఊళ్ళో మేస్త్రీ, వడ్రంగి, సైకిల్ షాపు మనిషి బాగుచేయలేని వస్తువు ఏదీ లోపల పెట్టను. మీకు ఉన్న 70 వేలలో 25 వేలు మొదటి రోజే విడిగా బ్యాంకులో వేసి, దాన్ని మరమ్మతులకు తప్ప ముట్టుకోకండి. ఈ బడ్జెట్ పిల్లల ముందే వేయండి, ఎక్కడ తగ్గించుకోవాలో వాళ్ళనూ అడగండి. రాళ్ళకు గొలుసుల బదులు వల తాళ్ళు వాడండి. వలలు అల్లే మత్స్యకారులను ఒక పూట బడికి పిలిచి ముళ్ళు వేయడం నేర్పమనండి. జారని ముడి వేయడం వాళ్ళకు తెలిసినంత బాగా మన సైన్సు వాళ్ళకు తెలియదు. తమ నాన్న బడికి వచ్చి పాఠం చెబుతుంటే ఆ పిల్లల ముఖాలు చూడాలి మీరు. ఆ తాడు కూడా ప్లాస్టిక్కే, ఎండకు నలుగుతుంది. అందుకని పీచు రేగకముందే, ప్రతి సంక్రాంతి సెలవుల తర్వాత తాళ్ళన్నీ మార్చేయాలి. పదో తరగతి పూర్తయి వెళ్ళేవాళ్ళు కిందితరగతి వాళ్ళకు కొలతల పుస్తకం అప్పగించాలి. ఒక కాపీ బడిలో, ఒకటి గ్రంథాలయంలో.

తుపాను హెచ్చరిక వస్తే ఏం చేయాలో కూడా ఆ పుస్తకం మొదటి పేజీలోనే రాయించండి. 2023 డిసెంబరులో మిగ్‌జాం వచ్చినప్పుడు ఒక బడి పిల్లలు ముందురోజే టీచర్లతో వెళ్ళి రాళ్ళన్నీ దించి, నంబర్ల ప్రకారం వరండాలో పేర్చారు. తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మా వైపు కుండపోత. వారం తర్వాత నన్నెవరూ పిలవకుండానే వాళ్ళే మళ్ళీ కట్టుకున్నారు. ‘గ మాత్రం కొంచెం బొంగురుగా ఉంది సార్’ అని ఫోన్ చేశారు. తాడు 22.4 శాతం గీత నుంచి పక్కకు జరిగింది, అంతే.

దాతల పేర్ల బోర్డు సంగతి ముందే తేల్చుకోండి. రాళ్ళ కంటే పెద్ద బోర్డు పెట్టమని అడిగేవాళ్ళు తప్పకుండా వస్తారు. పిల్లల పేర్లు, ఫోటోలు మాత్రం తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎక్కడా పెట్టొద్దు.

మీరు ఇప్పుడే డిజైన్ గీయకండి, ఏదీ కొనకండి. వచ్చే సోమవారం నుంచి వారం రోజులు వినే నడక మొదలుపెట్టండి. తెల్లకాగితాలు, పెన్సిళ్ళు చాలు. ఆ 42 కాగితాలూ గోడకు అంటించి, పిల్లలు వాటి ముందు నిలబడి ఏం మాట్లాడుకుంటున్నారో మీరు పక్కన కూర్చుని రాసుకోండి. తర్వాత ఆ కాగితాల ఫోటోలు, చెరువు ఏ దిక్కున ఉందో, దగ్గరి ఇల్లు ఎన్ని అడుగుల దూరమో నాకు రాయండి. మోగేది కావాలని పిల్లలు తేలిస్తే చీమకుర్తి వెళ్ళే రోజు నేను ఒంగోలు వస్తాను. వినేది కావాలంటే ప్లైవుడ్ అచ్చు నా దగ్గర ఉంది, ఇస్తాను.